ఇవాళ్టి మాట

"కాలర్ మీద చూపు పెట్టమ్మాయ్, కాగితం మీద కాదు" అంది అత్తగారు, కూర్చున్న కుర్చీలోంచి కదలకుండానే.

ఇస్త్రీ బల్లకి ఎదురుగా, ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టిన తీగ మీద, ఇంకా ఆరని సాక్సుల నడుమ, బట్టల క్లిప్పుకి ఒక చిన్న కాగితం ముక్క వేలాడుతోంది. దాని మీద ఒకే ఒక్క ఇంగ్లీషు మాట. పర్‌ఫంక్టరీ. మనసు పెట్టకుండా మొక్కుబడిగా కానిచ్చేది అని అర్థం. ఆ అర్థం పొద్దున టీ నీళ్ళు మరిగేలోపే వంటబట్టింది. ఇప్పుడు ఇస్త్రీ చేస్తున్న కోడలికి కావలసింది ఆ అర్థం కాదు, ఆ మాట పెట్టి చెప్పగలిగిన మూడు నిజాలు. మొదటిది తేలిగ్గానే దొరికింది. ఫోన్‌లోంచి తల ఎత్తకుండా భర్త రోజూ అడిగే "తిన్నావా?" రెండోది ఆఫీసులో దొరికింది. ఫైళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడల్లా ఆఫీసరు గాల్లోకి విసిరే థాంక్యూ. మూడోదే ఎంతకీ దొరకలేదు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, అప్పుడే మడిచిన చొక్కా విప్పి చూసింది. కాలర్ అంచు ముడతలు ముడతలుగానే ఉంది. అయితే మూడోది తనే. అత్తగారు అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆమెకి నవ్వొచ్చింది. కాలర్‌ని మాత్రం అలాగే మడిచి పెట్టేసింది.

ఈ మూడు నిజాల పద్ధతి ఆమె కనిపెట్టింది కాదు. ఆమె పనిచేసేది ఒక బీమా ఆఫీసులో, ఫిర్యాదుల విభాగంలో. వచ్చిన కవర్లు విప్పి, తేదీ వేసి, ఫైల్లో గుచ్చి, ఎవరి బల్ల మీదికి వెళ్ళాల్సింది వాళ్ళ బల్ల మీదికి చేర్చడం ఆమె పని. ఇంగ్లీషులో జవాబులు రాసేది మాత్రం పెద్దమేడమ్. ఆవిడ ఆఫీసులో అందరికంటే వయసులో పెద్దది, అందుకని ఆ పేరు. ఆవిడ కుర్చీ కిటికీ పక్కన ఉంటుంది. ఆవిడ రాసిన ఉత్తరం కింద ఆవిడ పేరే ఉంటుంది, ఆఫీసరు పేరు కాదు. ఒకసారి పెద్దమేడమ్ సెలవు పెట్టినప్పుడు జవాబు రాసే పని ఈమె మీద పడింది. రాసింది. ఆఫీసరు ఆ ఉత్తరాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాడు. "సారీ, ప్లీజ్, థాంక్యూ. ఈ మూడూ తీసేస్తే దీంట్లో ఇంకేం మిగలదమ్మా. ఇది ఉత్తరమా, నర్సరీ పిల్లల పాటా?" గదిలో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అప్పుడు నవ్వకపోతే ఇంకేదో చేయాల్సి వచ్చేది, అదేంటో ఆమెకి తెలియదు.

పెద్దమేడమ్ తిరిగొచ్చాక ఆ ఉత్తరం అడిగి తెప్పించుకుని చదివింది. ఆవిడ నవ్వలేదు.

"నీ దగ్గర విషయం ఉంది, మాటలే లేవు" అంది. "రోజుకొక మాట తీసుకో. ఒక్కటే. పొద్దున్నే చూసి పెట్టుకో, పొద్దుపోయేలోపు మూడుసార్లు వాడు. పైకే అంటావో మనసులోనే అనుకుంటావో నీ ఇష్టం. కానీ నీకు నిజంగా జరిగినదాని మీదే వాడాలి. పుస్తకాల్లో రాస్తారే, రాజు గొప్పవాడు, సముద్రం లోతైనది అని, అలాంటివి కాదు. అబద్ధం మీద మాట నిలవదు. తడి గోడకి కాగితం అంటించినట్టే, తెల్లారేసరికి ఊడి కింద పడుంటుంది."

తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ, "వచ్చే ఏడాది నేను దిగిపోతున్నాను. ఈ కుర్చీకి పరీక్ష పెడతారు. నీకిష్టమైతే చూసుకో" అంది.

నీకిష్టమైతే అన్న మాట విని చాలా కాలమైంది. ఆ సాయంత్రమే తీగ మీద మొదటి కాగితం ఎక్కింది.

పొద్దున్నే ఇల్లు లేవకముందు ఒక అరగంట ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చునేది. మాట ఎంచుకునేది, పలికి చూసుకునేది, పాత ఫిర్యాదు ఒకటి తలచుకుని దానికి నాలుగు వాక్యాల జవాబు అల్లుకునేది. ఆ అరగంటలో ఎవరికీ ఏమీ అందించాల్సిన పని ఉండదు. మిగిలిన రోజంతా నిజాల వేట. మాటలు పెరిగినకొద్దీ ఇల్లు వేరేగా కనబడటం మొదలుపెట్టింది. ఇది ఆమె కోరుకున్నది కాదు. ఆమెకి కావలసింది కిటికీ పక్క కుర్చీ, కింద తన పేరున్న ఒక ఉత్తరం. కానీ రోజుకి మూడు నిజాలు వెతకాలంటే బతుకు ఎక్కువ గడిచే చోటే కదా వెతకాలి. ఎదుటివాళ్ళని ఓ మెట్టు కింద నిలబెట్టి దయగా మాట్లాడటాన్ని కాండిసెండింగ్ అంటారు. ఆ మాట వచ్చిన రోజు మధ్యాహ్నానికే మూడూ పూర్తయిపోయి, ఇంకో నాలుగు చేతిలో మిగిలాయి. యూనిలాటరల్, అంటే రెండోవాళ్ళని అడక్కుండా ఒక్కరే తేల్చేయడం. ఆ మాట తీగ మీద ఉన్న రోజే భర్త ఫోన్ చేసి, ఆదివారం తన ఆఫీసు వాళ్ళు నలుగురు భోజనానికి వస్తున్నారని చెప్పి పెట్టేశాడు. పిలవకుండానే ఇంటికొచ్చిన నిజం. మాగ్నానిమస్ ఒక్కటే ముప్పుతిప్పలు పెట్టింది. అవతలివాళ్ళు అడక్కుండానే పెద్దమనసుతో ఇవ్వడం, సర్దుకోవడం. ఒక రోజంతా చూసింది, దొరకలేదు. మర్నాడూ ఆ కాగితాన్నే ఉంచింది. ఆ తర్వాతి రోజు అత్తగారు కూరగిన్నె ముందుకు తోసి "ఇదంతా నువ్వే తినేయమ్మా, నాకొద్దు" అన్నప్పుడు, ఇదేనేమో అని ఆశపడింది. నోట్లో పెట్టుకున్నాక, కూర పులిసిపోయిందని తెలిశాక, ఆశ వదులుకుంది. కాగితాన్ని పారేయబుద్ధి కాక టీ పొడి డబ్బా కింద పెట్టింది. ఎప్పటికైనా పనికి రాకపోతుందా.

ఇవన్నీ చూస్తున్నా ఆమెకి కోపం రాలేదు. జ్వరం ఎంతుందో చూసుకుని థర్మామీటరు విదిలించి పెట్టేసినట్టే, చూసి పెట్టేసేది.

భోజనాల బల్ల దగ్గర భర్తకి ఒక ఆట దొరికింది. అతను యంత్రాల విడిభాగాలు అమ్మే కంపెనీలో మేనేజరు కింద రెండో మనిషి. రోజంతా పైవాడి మాట వినివిని ఇంటికొస్తాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు కాబట్టి, ఇంట్లో చెప్పేవాడు తనవుతాడు. "ఏమోయ్ డిక్షనరీ, ఇవాళ మాటేంటి?" అనేవాడు కంచం ముందు కూర్చుంటూనే. ఆమె చెప్పేది. "అయితే ఇవాళ కూర చాలా పర్‌ఫంక్టరీగా ఉందన్నమాట" అని కూతురి వైపు తిరిగి కన్ను కొట్టేవాడు. తొమ్మిదో తరగతి చదివే కూతురు పకపకా నవ్వి, "అమ్మా, దాన్ని అలా పలకరు" అని దిద్దేది. "తోచీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి వెళ్ళిందట. ఈ వయసులో ఈవిడకి ఈ చదువులేంటో" అని అత్తగారు ముగించేది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. అలవాటైపోయిన ఎలుకకి అదీ ఉండదు. ఆమె వడ్డిస్తూ మాట చెప్పేది, వాళ్ళు నవ్వుకునేవాళ్ళు, గిన్నెలు సింకులోకి చేరేవి.

ఆ నవ్వులాట ఏ రోజు ఆగిపోయిందో ఆమె గమనించలేదు కానీ, ఎందుకు ఆగిపోయిందో గమనించింది. ఒకరోజు కూతురు స్కూలు వ్యాసం తెచ్చి "కొంచెం చూడమ్మా" అంది. చూడటమంటే రాయడమని తర్వాత తేలింది. అత్తగారి చెవి మిషన్ పాడైతే కంపెనీకి ఉత్తరం రాసింది. వారం తిరక్కుండా కొత్తది వచ్చి పడింది. ఇంకేముంది, అత్తగారి చెల్లెలి ఫ్రిజ్జు, ఆ చెల్లెలి వియ్యపురాలి గ్యాసు పొయ్యి, ఒకదాని వెనక ఒకటి వచ్చి వాకిట్లో నిలబడ్డాయి. భర్త మొదట ఒక మెయిల్ చూపించి "తప్పులుంటే చెప్పు" అన్నాడు. పదోదానికి వచ్చేసరికి "ఫలానా వాడికి ఫలానాది రాసెయ్" అనడం మొదలుపెట్టాడు. ఎవరూ తమ కోసం అడగలేదు. అందరూ ఆమె మేలు కోరే అడిగారు. "నీకూ ప్రాక్టీసు అవుతుంది కదా." పొద్దుటి అరగంట అలా ఎటో కొట్టుకుపోయింది. తన కోసమని మొదలుపెట్టిన పని, వంట, బట్టలు, గిన్నెల తర్వాత నాలుగో ఇంటిపని అయి కూర్చుంది. మిగిలిన మూడూ అయ్యాకే దాని వంతు వచ్చేది, అది కూడా ఎవరిదో ఒకరిది.

"ఈ మధ్య నీ రాత పల్చబడింది" అంది పెద్దమేడమ్, ఆమె రాసి చూపించిన జవాబు ఒకటి పక్కన పెడుతూ. "మాటలన్నీ ఎక్కడ ఖర్చు పెడుతున్నావు?"

"ఇంట్లో, మేడమ్."

ఆవిడ తలూపింది. ఆవిడకీ ఒక ఇల్లుంది.

ఇంతలో భర్త పైన ఉన్న మేనేజరు, ఉద్యోగం చాలించుకుని వెళ్ళిపోతున్నాడు. వీడ్కోలు రోజున మాట్లాడాల్సింది రెండో మనిషే. "రెండు పేజీలు రాసిపెట్టు. మనసుకి హత్తుకోవాలి" అన్నాడు భర్త.

"ఆయన చేసినదొకటి చెప్పండి, నిజంగా జరిగింది."

"మంచాయన. డిసిప్లిన్. టైముకొస్తాడు. రాసెయ్ ఏదో ఒకటి."

"అలా కాదు. ఒక్కటి చెప్పండి."

అతను విసుక్కుని, కాసేపు పైకి చూసి, ఎప్పటిదో తవ్వి తీశాడు. ఒక వానాకాలం గోదాములోకి నీళ్ళొచ్చేస్తే, పనివాళ్ళు వచ్చేసరికే మేనేజరు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చీపురు పట్టుకుని నీళ్ళు బయటికి తోస్తున్నాడట. పై ఆఫీసుకి రాసిన రిపోర్టులో ఆ సంగతి ఎక్కడా లేదట. ఆమెకి కావలసింది అదే. అనస్యూమింగ్ అన్న మాట ఆ నీళ్ళ పక్కన పెట్టింది. తాను చేసింది తానుగా చాటుకోని మనిషి అని. పెట్టగానే తాళంలో చెవి తిరిగినట్టు తిరిగింది. ఎన్నో నెలల తర్వాత ఆమెకి సంతోషం వేసింది.

వీడ్కోలు భోజనానికి ఆడవాళ్ళందరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. భర్త చదివాడు. బాగానే చదివాడు. గోదాము దగ్గరికి వచ్చేసరికి మేనేజరు తల దించుకున్నాడు. ఆయన భార్య చేతిరుమాలు తీసుకుంది. చప్పట్లు ఆగాక మేనేజరు వచ్చి భర్త భుజం పట్టుకుని, "ఎంత బాగా రాశావయ్యా" అన్నాడు.

"ఏముంది సార్, నిన్న కాసేపు కూర్చుని రాసేశాను" అన్నాడు భర్త.

సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు. ఆమె గ్లాసులో నీళ్ళు తాగింది. అక్కడితో అయిపోయేదేమో, భర్తకి హుషారు ఆగలేదు. "మా ఆవిడ కూడా ఇంగ్లీషు నేర్చుకుంటోంది సార్. రోజుకో మాట. ఏమోయ్, చెప్పు వీళ్ళకి, ఇవాళ మాటేంటి?"

బల్లలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆ రోజు తీగ మీదున్న మాట యూజర్ప్. ఇంకొకరికి చెందిన చోట ఎక్కి కూర్చోవడం. పొద్దుటి నుంచి దానికి ఒక్క నిజమూ దొరకలేదు. ఇప్పుడు దొరికింది, నోటి దాకా వచ్చింది కూడా. ఎదురుగా మేనేజరు భార్య కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"గ్రేట్‌ఫుల్" అంది ఆమె.

పద్యం అప్పజెప్పిన పిల్లకి కొట్టినట్టు అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడొచ్చింది ఆమెకి కోపం. చప్పట్ల మీద కాదు, భర్త మీద కూడా కాదు. ఇన్ని నెలల్లో తను మాట మీద చెప్పిన మొదటి అబద్ధం మీద.

"అదేం మాటోయ్" అన్నాడు భర్త, ఇంటికి తిరిగొస్తూ. "గ్రేట్‌ఫుల్ ఎవడికి తెలీదు? నలుగురిలో కాస్త పెద్దది చెప్పొద్దూ."

మేనేజరు కుర్చీ ఖాళీ అయింది. పెద్దమేడమ్ కుర్చీకీ పరీక్ష సోమవారం పొద్దున అని నోటీసు వచ్చింది. శుక్రవారం సాయంత్రం పెద్దమేడమ్ తన సొరుగులోంచి మూడు పాత ఫిర్యాదులు తీసి ఇచ్చింది. మూడూ మొండి కేసులే. "ఆదివారం వీటి మీద కూర్చో. ఇవి రాయగలిగితే ఇంక దేనికీ భయపడక్కర్లేదు. పరీక్షకి ముందు నేను ఒకసారి చూస్తాను." సోమవారం పరీక్ష ఉందని ఆమె ఇంట్లో చెప్పింది. భర్తకి వేరుగా ఇంకోసారి చెప్పింది. అతను "ఊఁ" అన్నాడు. పర్‌ఫంక్టరీ అనుకుంది ఆమె, పాత మాటే అయినా.

ఆదివారం టిఫిన్లు అయ్యాక, వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చేసేసి కూర్చుందామని బల్ల వేసింది. భర్త వచ్చి, పరిచిన చొక్కా మీదే లాప్‌టాప్ పెట్టాడు.

"మేనేజరు పోస్టుకి దరఖాస్తు. రేపటిలోగా వెళ్ళిపోవాలి. నా గురించి నీకంటే బాగా ఎవరు రాస్తారు? రెండు పేజీలు చాలు."

"రేపు నాకు పరీక్ష అండి."

"అదేగా నేననేది. ప్రాక్టీసు అవుతుంది."

ఆమె కూర్చుంది. అలవాటు అలాంటిది, కాళ్ళు ముందే వంగుతాయి. "మీరు చేసినదొకటి చెప్పండి" అంది.

"కమ్యూనికేషన్ గురించి రాయి. ఇప్పుడంతా అదే చూస్తున్నారు. ఉత్తరాలు, మెయిళ్ళు, మొన్నటి స్పీచ్, అన్నీ స్వయంగా రాస్తాడు, ఎవరి సాయమూ తీసుకోడు అని రాయి. మొన్న అందరూ విన్నారు కూడా."

ఆమె తలెత్తి అతని ముఖం చూసింది. దాంట్లో దొంగతనమేమీ లేదు. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చే ఇంట్లో పుట్టినవాడు, నీళ్ళు తనే తెప్పించాననుకున్నంత మామూలుగా ఉంది. మోసం చేస్తున్నాడని తెలిసినా ఆమెకి ఇంత బాధ ఉండేది కాదేమో. అతనికి నిజంగానే తెలియదు.

మీటల మీద వేళ్ళు పెట్టింది. మాటలకి కొదవ లేదు. ఏడాది పాటు ఏరుకొచ్చినవన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఒక్కటీ ఆ వాక్యానికి అంటుకోలేదు. పెట్టినది పెట్టినట్టే జారిపోతోంది. ఆమె లాప్‌టాప్ మూసి, తీసుకెళ్ళి సోఫాలో అతని పక్కన పెట్టింది.

"ఇది నేను రాయలేనండి."

"రాయలేకపోవడమేంటి? ఏడాదిగా ఏం చదువుతున్నట్టు?"

"రాయడం వచ్చు. ఇది జరగలేదు."

జోకు అనుకుని అతను నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి నవ్వు సగంలో ఆపేశాడు. "చూశావా అమ్మా" అన్నాడు, వాళ్ళమ్మ వైపు తిరిగి.

"మొగుడు ఓ మెట్టు పైకెక్కుతుంటే ఇంట్లో ఆడది నిచ్చెన పట్టుకోవాలి కానీ, పక్కకి జరుగుతుందా ఎక్కడైనా" అంది అత్తగారు. కొత్త చెవి మిషన్ బాగా పనిచేస్తోంది. "దీని పరీక్ష ఎక్కడికి పోతుంది?"

ఎక్కడికీ పోదు, రేపు పొద్దున్న దాకా ఉంటుంది. ఆ తర్వాత మాత్రం పోతుంది. ఆ మాట మనసులోనే అనుకుంటూ, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసేసింది. చెయ్యని చొక్కాలు చెయ్యనట్టే బుట్టలో ఉన్నాయి. పెద్దమేడమ్ ఇచ్చిన మూడు ఫిర్యాదులు తీసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుని తలుపు దగ్గరగా వేసింది. మొదటిది ఒక ముసలాయన రాసింది. భార్య ఆపరేషన్ డబ్బు ఇవ్వనన్నారని, ఎందుకివ్వరో ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదని. ఆమె రెండుసార్లు చదివింది. ఆయన్ని ఎవరు ఏమన్నారో, ఎక్కడ ఎంతసేపు నిలబెట్టారో ఆమెకి బాగా కనబడింది. రాయడం మొదలుపెట్టింది. హాల్లోంచి రెండు వేళ్ళతో మీటలు కొడుతున్న చప్పుడు, మధ్యలో నిట్టూర్పులు వినిపిస్తూనే ఉన్నాయి.

రెండో జవాబు సగంలో ఉండగా కూతురు లోపలికొచ్చింది. చేతిలో వ్యాసం ఉంది. తల్లిని చూసి, కాగితాలని చూసి, వ్యాసాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. పొయ్యి వెలిగించింది. కాసేపటికి బల్ల అంచున కప్పు పెట్టి, "టీ పెట్టానమ్మా. కొంచెం ఎక్కువ మరిగిపోయింది" అంది. తర్వాత ఏదో గుర్తొచ్చి, మాగ్నానిమస్ అని రాసి ఉన్న, టీ మరకలు పడ్డ చిన్న కాగితం చూపించింది. "డబ్బా కింద ఇది ఉంది. పారేయనా?"

"ఉంచు" అంది ఆమె. "ఇప్పుడే పనికొచ్చింది."

టీ బాగా చేదుగా ఉంది. ఆమె చివరిదాకా తాగింది.

ఆ రాత్రి అందరూ భోజనాలకి కూర్చున్నారు. భర్త దరఖాస్తు ఒక పేజీ దగ్గర ఆగిపోయిందని అతను కంచంలో అన్నం కెలుకుతున్న తీరు చూస్తేనే తెలుస్తోంది. అత్తగారు చెవి మిషన్ తీసి పక్కన పెట్టేసింది, వినేదేమీ లేదన్నట్టు. కాసేపటికి భర్తకి పాత ఆట గుర్తొచ్చింది. వెనక్కి వాలి, కూతురి వైపు ఒకసారి చూసి, "అన్నట్టు ఏమోయ్ డిక్షనరీ, ఇంతకీ ఇవాళ మాటేంటి?" అన్నాడు.

కూతురు నవ్వలేదు. తల్లి వైపు చూసింది.

"ఇవాళ్టిది చెప్పనండి" అంది ఆమె, కూర వడ్డించుకుంటూ. "రేపు నాకు కావాలి."